కుడిచేతి కొలత

ఓబులేసాచారికి మనుషులు మొహాలతో గుర్తుండరు, చేతులతో గుర్తుంటారు. ఆళ్ళగడ్డ బజారు వెనక వసారాలో, కుంపటి ముందు వంచిన తల ఎత్తకుండా నలభై ఏళ్ళు పనిచేసిన మనిషికి అంతకంటే పైకి చూసే తీరిక ఎక్కడిది? అందుకే పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం, మాఘం వెళ్ళిపోయే రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున ఒకావిడ వచ్చి చాప మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోగానే ఆయన ఊదుగొట్టం పక్కన పెట్టి, "నంద్యాల సలోమమ్మవు గదా" అన్నాడు.

గోళ్ళు మొదలంటా కత్తిరించిన చేతులవి. సబ్బుకీ వేడినీళ్ళకీ నాని నాని వేళ్ళ కొసలు తెల్లబారాయి, కణుపులు లావెక్కాయి. రెండేళ్ళ కిందట నంద్యాల ఆసుపత్రిలో ఆచారి కూతురు ఒకటిన్నర దినం నొప్పులు పడితే, తన డ్యూటీ అయిపోయినా ఇల్లు మరిచి దగ్గర కూర్చున్న నర్సమ్మ ఈవిడే. చివరికి తలుపు సందులోంచి మనవరాల్ని అందించిన చేతులు ఇవే. వాటిని ఆయన మరిచిపోవడమనేది జరిగే పని కాదు.

"ఏందమ్మా, ఇంత దూరం వస్తివి?"

"ఉంగరాలు చేపిచ్చుకుందామని వచ్చినా అన్నా. రెండు. ఒకటి నాకు, ఒకటి మా ఇంటాయనకు. వచ్చే ఆదివారానికి మా పెండ్లయి పాతికేండ్లు."

కొంగు ముడి విప్పి పాత గొలుసొకటి తీసి చాప మీద పెట్టింది. ఆచారి దాన్ని అరచేతిలో వేసుకుని ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. అదంతే, ఆయన తక్కెడ అదే. రెండింటికీ సరిపోతుందన్నట్టు తల ఊపాడు.

"ఎట్లాంటివి కావల్ల?"

"రాళ్ళు చుట్టూ ఉండల్ల. పైనా కిందా అని లేకుండా. నువ్వు యాడ మొదలుపెట్టినావో యాడ ముగిచ్చినావో కనపడగూడదు."

ఆచారికి చిరాకేసింది. ఎవరైనా ఆయనకు పని నేర్పబోతే వచ్చే చిరాకు అది. ఆ ఊళ్ళో అది తెలియనివాళ్ళు లేరు.

"ఉంగరానికి ఒక మొగముంటాదమ్మా. రాయి పైన కూసుంటాది, అరచేతి పక్క నున్నగా ఉంటాది. అన్నం తినే పక్క, బిందె పట్టుకునే పక్క రాళ్ళెందుకు? అందులోనా నీవి కాన్పులు చేసే చేతులు."

"పనికి పోయేటప్పుడు తీసి కొంగున కట్టుకుంటా. మా ఆసుపత్రి డాక్టరు దొరసానీ అంతే చేసేది." సలోమి గొంతు కాస్త మెత్తబడింది. "ఆయమ్మకు ఉండె అట్లాంటిది. వాళ్ళ దేశంలో పెండ్లినాడు పెట్టేది వేరే, ఇది వేరే అన్నా. ఇన్నేండ్లు కలిసి బతికితిమి, ఇంగ ముందుకూ ఇట్లనే అని మొగుడూ పెండ్లామూ చెప్పుకోను పెట్టుకుంటారంట. చేతులు కడుక్కునేటప్పుడల్లా తీసి నా చేతికిచ్చేది. నేను తిప్పి తిప్పి చూసేదాన్ని. మొదలు దొరికేదే కాదు."

"అంతా బాగనే ఉంది. ఒక సంగతి చెప్తా ఇను. మామూలు ఉంగరమైతే, రేపు వేలు లావైతే వెనక కోసి ఇంత అతుకేస్తా. సన్నమైతే ఇంత తీసేస్తా. చుట్టూ రాళ్ళున్నదానికి కోసే తావే ఉండదు. ఒకసారి చేస్తే చేసిందే."

"ఆ మాట గూడా దొరసాని చెప్పింది. అందుకే అది కావల్ల నాకు."

ఆ జవాబు ఆచారికి నచ్చింది, కానీ నచ్చిందని ఒప్పుకునే రకం కాదు. గోడకు వేలాడుతున్న కొలత రింగుల గుత్తి అందుకున్నాడు. సలోమి ఒక్క క్షణం తన రెండు చేతులూ చూసుకుని, ఆయన అడక్కముందే కుడిచెయ్యి చాచింది. ఆచారి ఉంగరపు వేలికి ఒక్కొక్క రింగే ఎక్కించి దించి, కణుపు దాటడానికి ఎంత కావాలో, దాటాక ఎంత వదులుంటుందో రెండుసార్లు చూసుకున్నాడు. ఇక భర్త కొలత. సలోమి ఈతాకును చుట్టి దారంతో బిగించిన చుట్ట ఒకటి ఇచ్చింది.

"ఆయనకు తెలియకుండా తీసినా. నాకు మాత్రమే చేపిస్తాండానని అనుకుంటాండాడు. అట్లనే అనుకోనీ."

"నువ్వు మళ్ళ రావొద్దు. శనివారం నేనే తెచ్చిస్తా" అన్నాడు ఆచారి.

పెళ్ళివాళ్ళ వడ్డాణం పక్కన పెట్టి ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాడు. బంగారం కరిగించి, కడ్డీ పోసి, దాగలి మీద సుత్తితో సాగగొట్టి పట్టీ తీశాడు. పట్టీ వంచి రెండు కొసలూ కలిపి, ఊదుగొట్టంతో మంట ఆ ఒక్క చోటికే తగిలేలా ఊది అతికాడు. ఏ ఉంగరానికైనా ఒక అతుకు ఉంటుంది. వేసుకున్నవాళ్ళకు తెలియకపోవచ్చు, చేసినవాడికి తెలుసు. ఇప్పుడు ఆ అతుకు సరిగ్గా ఒక రాయి కిందికి పోవాలి. దానికి తోడు తన దగ్గరున్న చిన్న కెంపులన్నీ ఒకే దూరంలో నడిచి వచ్చి, చివరిది మొదటిదాని పక్కన సందు లేకుండా కూర్చోవాలి. పదహారు పెడితే సందు మిగులుతోంది, పద్దెనిమిది పట్టవు. పదిహేడు అనుకుని గూళ్ళు తొలిచాడు. తొలిచేటప్పుడు ఊపిరి బిగపట్టడం ఆయన అలవాటు. భార్య కమలాక్షమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి, ఆయన మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా గుమ్మంలోనే నిలబడింది.

గురువారం సాయంత్రానికి మొదటి ఉంగరం, పట్టుకు అతికించిన లక్క మీదినుంచి ఊడి వచ్చింది. ఆచారి దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. అతుకు ఏ రాయి కింద ఉందో చేసిన తనకే తెలియలేదు. అరవై ఏళ్ళ మనిషి పసిపిల్లాడిలా నవ్వి, "ఇదో, ఈడ చూడు" అని భార్యను కేకేసి పిలిచాడు. నిజం చెప్పాలంటే, అంత మంచి పని ఆయన చేతి నుంచి అంతకు ముందు రాలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి రెండోదీ అయింది.

ఆ మధ్యాహ్నమే కరుణాకర్ వచ్చాడు. బదిలీ మీద ఆ ఊరి బడికి కొత్తగా వచ్చిన క్రైస్తవ అయ్యవారు. భార్య గొలుసు కొక్కెం ఊడిపోతే వేయించుకోవడానికి వచ్చాడు. మెత్తటి గుడ్డ మీద పక్కపక్కన ఉన్న ఉంగరాల్ని చూసి ముచ్చటపడ్డాడు. ఆచారి గొప్పగా సంగతంతా చెప్పాడు.

"చర్చిలో పెట్టుకునేవా?" అని చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు కరుణాకర్. "ఆడమనిషి ఎడమచేతికి ఇది కొంచెం పెద్దది గాదూ?"

"ఎడమచేతికి ఎందుకు పెడతారు?"

"మాలో పెండ్లి ఉంగరం ఎడమచేతి నాలుగో వేలికే ఆచారీ. గుండెకు దగ్గరని." కరుణాకర్ తన ఎడమచెయ్యి చూపించాడు. సన్నటి ఉంగరం ఆ వేలికే ఉంది.

ఆచారి ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. చేతులు చూసి మనుషుల్ని పట్టే మనిషే గానీ, ఆయన చూసేదల్లా కుడిచెయ్యే. శుభమైనది ఏదైనా కుడిచేతికే అనుకుని నలభై ఏళ్ళు రింగులు ఎక్కించాడు. ఎవరైనా తెలియక ఎడమచెయ్యి చాపితే కసిరి వెనక్కి తీయించాడు. ఈ ఊరి క్రైస్తవులు ఉంగరాలు కావాలంటే నంద్యాల పోయి కొనుక్కునేవాళ్ళు కాబట్టి, ఎవరూ ఆయనకు ఈ మాట చెప్పే అవసరం రాలేదు. సలోమి కుడిచెయ్యి చాపితే, ఏ వేలికమ్మా, ఏ చేతికమ్మా అని ఒక్క ముక్క అడగలేదు. బిందెలు మోసి, గుడ్డలు పిండి, మనుషుల్ని ఎత్తి దించిన కుడిచేతి వేలు ఎడమదాని కంటే లావుగా ఉంటుంది. ఈ ఉంగరం ఆ ఎడమ వేలి మీద నిలవదు. అందరి ముందూ జారి రాలిపోతుంది. కోయడానికి తావు లేదు.

కరుణాకర్ వెళ్ళిపోయాక ఆచారి అన్నానికి లేవలేదు. "కొలత తప్పింది" అన్నాడు భార్యతో. పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళలో కమలాక్షమ్మ ఆ మాట వినడం అదే మొదలు.

"పోయి ఆయమ్మకు చెప్పు. మళ్ళ చేసిస్తానను" అంది ఆమె.

"ఆదివారం పొద్దునకా?"

"నువ్వు పని పట్టుకుంటే ఎంతసేపు? రేపు తొలి బస్సుకే పో."

శనివారం తొలి బస్సుకే ఆచారి నంద్యాలలో దిగాడు. చంకలో పనిముట్ల సంచి, నడుముకు కట్టుకున్న చిన్న గుడ్డసంచిలో ఉంగరాలు. ఎడమచెయ్యి కొలత తీసుకుని, బామ్మర్ది పుల్లయ్య కుంపటి దగ్గర కూర్చుని పొద్దు గుంకేలోగా ఇంకొకటి చేసేయాలని లెక్క వేసుకున్నాడు. చుట్టూ కాకపోయినా పైన ఐదు రాళ్ళయినా పెట్టి ఇస్తే ఆయమ్మ పరువు దక్కుతుంది.

ఆసుపత్రి గేటు దగ్గర అడిగితే, సలోమమ్మ కష్టమైన కాన్పు దగ్గరుంది, బయటికి రాదు అన్నారు. ఇల్లు కనుక్కుని వెళ్ళాడు. జిన్నింగు మిల్లు గోడ పక్కన వరుస ఇళ్ళలో నాలుగోది. వేపచెట్టు నీడలో ఒకాయన మంచానికి నులక అల్లుతున్నాడు. కొత్త మనిషిని చూడగానే తువ్వాలు తీసి ఎడమచేతి మీద కప్పుకుని లేచి నిలబడ్డాడు.

"ఆళ్ళగడ్డ ఆచారివి గదా? ఉంగరం తెచ్చినావా? రాప్పా, కూసో. ఆయమ్మ ఎప్పుడొస్తాదో ఏమో. అంగట్లోంచి సోడా తెప్పిస్తా ఉండు." తమ ఇంట్లో నీళ్ళు ఇస్తే ఆచారి ఏం చేయాలో తెలియక ఇబ్బందిపడతాడని, ఆ ఇబ్బంది ముందే తప్పించాడు. సలోమి భర్త సంజీవయ్య అట్లాంటి మనిషి.

"సోడా వద్దుగానీ, నువ్వు పని ఆపొద్దప్పా. నేను కూసోని చూస్తా."

సంజీవయ్య కాసేపు ఊరికే కూర్చున్నాడు. చేతిలో పని ఉన్నవాడికి అట్లా ఎంతసేపు కుదురుతుంది? తువ్వాలు తీసి భుజాన వేసుకుని మళ్ళీ నులక పట్టాడు. అప్పుడు చూశాడు ఆచారి. ఎడమచేతికి నాలుగు వేళ్ళే ఉన్నాయి. ఉంగరపు వేలు మొదలంటా లేదు. చిటికెన వేలూ నడిమి వేలూ ఆ ఖాళీ మీదుగా ఒకదాని వైపు ఒకటి వంగి, నులకను లాగి బిగించే పని రెండూ పంచుకుంటున్నాయి. అల్లిక ఎక్కడా వదులు లేదు. పనివాడు పనివాడి చేతిని చూసినట్టు ఆచారి గౌరవంగా చూశాడు.

"మిల్లులో పోయింది" అన్నాడు సంజీవయ్య తలెత్తకుండా. "రోలరు కాడ ఉంటి అప్పుడు. పత్తి ఇరుక్కుంటే తీయబోతి. వేలొక్కటే అయితే జారి వచ్చేదేమో. రోలరు ఉంగరాన్ని పట్టుకున్యాది, ఇడిసిపెట్టల్యా. పదకొండేండ్లాయ. ఇప్పుడు ఆ మిల్లుకే కాపలా ఉండా."

"ఉంగరం దొరికిందా?" అనేశాడు ఆచారి. కంసాలి నోరు కదా. వెంటనే సిగ్గుపడ్డాడు.

"పత్తిలో పోయె. ఆ పొద్దు కట్టు కట్టింది సలోమే. కట్టు కట్టి, చేతులు కడుక్కోని, తన ఉంగరం తీసి డబ్బాలో పెట్టేసింది. మళ్ళ పెట్టుకోల్యా. ఎన్ని తూర్లు చెప్పినా ఇనల్యా." నులక ముడి బిగించి నవ్వాడు. "రేపు పెట్టుకుంటాది. పాతికేండ్లాయని పాస్టరు అయ్యగారు గుడిలో అందరి ముందరా దీవిస్తాడంట. మొగుడూ పెండ్లామూ ఒకరికొకరు ఎడమచేతికి ఉంగరాలు పెట్టుకోవల్ల. నాకు ఆ వేలే లేదాయె. సంఘం పెద్దలు చెప్పినారు, సంజీవయ్యా, నువ్వు ఆయమ్మకు పెట్టు, నీకు పెట్టే తంతు వద్దు, పక్కన నిలబడుకో చాలు అని. నిజమే గదప్పా, నాకు యాడ పెడతారు?"

ఆచారికి కోపం వచ్చింది. పాతికేళ్ళు సంసారం చేసిన మనిషిని సొంత పెళ్ళిపండుగలో పక్కన నిలబడమనడం ఏం మర్యాద? నడుము దగ్గరి గుడ్డసంచిలో రెండో ఉంగరం ఉందన్న మాట ఆయన నాలుకదాకా వచ్చింది. సలోమి మాట గుర్తొచ్చి మింగేశాడు. ఆ వెంటనే తన తప్పు మళ్ళీ మీద పడింది. పదకొండేళ్ళు ఉంగరం పెట్టుకోని ఆడది రేపు పెట్టుకోబోతోంది, అది కాస్తా తన మూలంగా జారి నేల మీద పడబోతోంది. తప్పు తనదేనని తీర్మానించుకున్న మనిషికి ఇంకేదీ కనపడదు. ఆచారికీ కనపడలేదు.

పొద్దు వాలేదాకా ఆసుపత్రి గేటు దగ్గరే కూర్చున్నాడు. బిడ్డ అడ్డం తిరిగిందట, ఇంకా కాలేదట అన్న కబురే తప్ప సలోమి రాలేదు. తన కూతురి పక్కన కూర్చున్నట్టే ఎవరి కూతురి పక్కనో కూర్చుని ఉంటుంది. బయటికి పిలవమని గట్టిగా అడగడానికి ఆయనకు నోరు రాలేదు. లేచి బామ్మర్ది ఇంటికి పోయి పడుకున్నాడు.

ఆదివారం ఎనిమిది గంటలకే చర్చి ఆవరణలో ఉన్నాడు. జనం వస్తున్నారు. సంజీవయ్య ఉతికిన పంచె, తెల్ల చొక్కా వేసుకుని, ఎడమచేతి మీద తువ్వాలు మడిచి వేసుకుని లోపలికి పోయాడు. మొదటి గంట కొట్టాక సలోమి ఆసుపత్రి వైపు నుంచి వడివడిగా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చీర మాత్రం మార్చుకుంది.

"తల్లీ బిడ్డా బాగుండారు అన్నా" అంది ముందు. తర్వాత చెయ్యి చాపింది. "తెచ్చినావా?"

ఆచారి సంచి విప్పి రెండు ఉంగరాలూ ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, తల దించుకున్నాడు.

"అమ్మా, నేను తప్పు చేసినా. మీరు ఎడమచేతికి పెట్టుకుంటారని నాకు తెలియదు. కుడిచేతికి కొలిచినా. నిన్న పొద్దున్నుంచీ నీకోసం కాసుకోనుండా. ఇది నీ ఎడమ వేలికి నిలవదు. ఈ పొద్దు ఎట్లనో సర్దుకో. మళ్ళ చేసిస్తా, కొత్తగా చేసిస్తా."

సలోమి వింటున్నట్టు లేదు. చిన్న ఉంగరాన్ని ఎండకు పట్టి తిప్పి తిప్పి చూస్తోంది. "దొరకల్యా" అంది సంబరంగా. "మొదలు దొరకల్యా అన్నా."

"అది గాదమ్మా, కొలత..."

"కొలత తప్పల్యా లే. నువ్వు ఆ పక్క తలుపు కాడ నిలబడుకోని చూసి పో." రెండో గంట కొట్టారు. ఆమె వెళ్ళిపోయింది.

నిద్ర లేక ఆయమ్మకు మాట ఎక్కలేదనుకున్నాడు ఆచారి. జన్మలో ఆ గుడి గడప తొక్కలేదు. చెప్పులు విడిచి పక్క తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. చివరికి పాస్టరు గారు ఇద్దర్నీ ముందుకు పిలిచాడు. పెద్దవాడు, నెమ్మది గొంతు. పాతికేళ్ళ కిందటి ప్రమాణాలు మళ్ళీ చెప్పించాడు. సలోమి దగ్గర ఉంగరం తీసుకుని, ప్రార్థన చేసి, సంజీవయ్య కుడిచేతిలో పెట్టాడు.

"ఆమె ఎడమచేతి నాలుగో వేలికి పెట్టు."

సలోమి కుడిచెయ్యి చాపింది.

పాస్టరు గారు చిన్నగా, "సలోమమ్మా, ఎడమ" అన్నాడు.

"తెలిసే ఇచ్చినా అయ్యా." గొంతు పెంచలేదు గానీ గుడి అంతా వినపడింది. "ఆయనకు ఏ చేతికి వేలుందో నాకూ ఆ చేతికే పెట్టించండి. ఆయనది గూడా తెచ్చినా." ఎడమ పిడికిలి విప్పి రెండో ఉంగరం చూపించింది.

ముందు వరుసలో పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. పాస్టరు గారు పుస్తకంలోకి చూశాడు, ఆమె చేతిలోకి చూశాడు. పుస్తకం మూసేశాడు.

"కానీ సంజీవయ్యా" అన్నాడు.

తలుపు దగ్గర ఓబులేసాచారికి అప్పుడు అర్థమైంది. రెండు దినాలుగా తను తప్పనుకుని కుమిలింది ఆయమ్మ చేసిన నిర్ణయం. చాప మీద కూర్చుని రెండు చేతులూ చూసుకున్నప్పుడే ఆమె తేల్చుకుంది. మొగుడి చేతికి ఒక వేలు తక్కువైతే, ఆయన్ని పక్కన నిలబెట్టి తనొక్కతే ఉంగరం తొడుక్కునే మనిషి కాదు. మార్చడానికి వీల్లేని ఉంగరాన్ని కావాలనే కుడిచేతికి కొలిపించుకుంది. ఇంత గొప్ప మనిషికి తాను మళ్ళీ కొలుస్తానని పనిముట్లు మోసుకుని వచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ఎవరు చూస్తే ఏమని.

సంజీవయ్య కదల్లేదు. తన ముందున్న కుడిచేతి వంకే చూస్తున్నాడు. ఆయనకు ఇప్పుడే తెలిసింది. ఉంగరం ఎక్కించాలంటే ఆ చేతిని కింద ఒక చెయ్యి పట్టుకోవాలి. మడిచిన తువ్వాలు జారి నేల మీద పడింది. ఆయన వంగి తీసుకోలేదు. నాలుగు వేళ్ళ ఎడమచేతిని ఆమె చేతి కిందికి తెచ్చి పట్టుకున్నాడు. ఉంగరం కణుపు దగ్గర ఆగింది. కొంచెం తిప్పాడు. దిగింది.

ఆమె ఆయనకు పెట్టింది.

ఆరాధన అయ్యాక జనం వాళ్ళ చుట్టూ మూగారు. ఆడవాళ్ళు సలోమి చెయ్యి పట్టుకుని తిప్పి చూస్తున్నారు. ఒక ముసలావిడ, కిందివైపు కూడా రాళ్ళున్నాయే అని ఆశ్చర్యపోతోంది. ఆచారి చెప్పులు తొడుక్కుని బస్సుకు బయల్దేరబోయాడు. గుంపులోంచి సలోమి వచ్చి పట్టుకుంది.

"నీకు చెప్పి ఉండాల్సింది అన్నా. ఆయన చెవిన పడుతాదేమోనని చెప్పల్యా. అనవసరంగా బాధపడితివి."

"నేను కొలిస్తినని అనుకున్యా అమ్మా, నువ్వు కొలిపిచ్చుకుంటివి" అన్నాడు ఆచారి. ఆయన నోట అట్లాంటి మాట రావడం కమలాక్షమ్మ వింటే నమ్మేది కాదు.

ఆమె వెనకే సంజీవయ్య వచ్చాడు. భుజాన తువ్వాలు లేదు. లోపలే ఎక్కడో ఉండిపోయింది, దాని ఊసే ఆయనకు లేదు. రెండు చేతులూ దగ్గరికి చేర్చి ఓబులేసాచారికి దణ్ణం పెట్టాడు. అంతమంది చూస్తుండగా ఆ చేతులు చాలాసేపు అట్లాగే ఉన్నాయి.